కొత్త పిస్టల్‌తో రేంజ్‌లో మొదటి రోజు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి వచ్చిన ప్రశ్నలలో ఎక్కువ భాగం కొత్తగా పిస్టల్ తీసుకొని, దానిని మొదటిసారి షూటింగ్ రేంజ్‌కు తీసుకువెళ్లబోతున్నవారివి, లేదా ఇప్పుడే వెళ్లి వచ్చి సందేహాలతో ఉన్నవారివి. ఒకే విషయానికి చెందినవి కనుక వాటిని ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: క్లబ్ పిస్టల్‌తో ఏడాదిగా సాధన చేస్తున్నాను. ఇటీవల పాయింట్ 22 (0.22 అంగుళాల కొలత తూటాలు కాల్చే) స్పోర్ట్ పిస్టల్ సొంతంగా తీసుకున్నాను. లైసెన్సు పనులన్నీ పూర్తయ్యాయి. మొదటి రోజు రేంజ్‌లో దానిని ఏ క్రమంలో పరీక్షించాలి? ఎన్ని తూటాలు కాల్చాలి?

సమాధానం: ఎన్ని తూటాలు అన్నది చివరన తేలవలసిన సంగతి. పరీక్ష నిజానికి రేంజ్‌కు బయలుదేరక ముందే మొదలవుతుంది. కర్మాగారం నుంచి వచ్చే పిస్టల్‌కు తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంచుతారు. ఆ నూనె బ్యారెల్ లోపల కూడా ఉంటుంది. దానిని తుడవకుండా కాలిస్తే మొదటి తూటాలు ఎటు పోతాయో చెప్పలేము. నూనె చిక్కగా పేరుకొని ఉన్నా, తుడిచిన గుడ్డ ముక్క లోపలే ఉండిపోయినా అది లెక్క తప్పడంతో ఆగదు, ప్రమాదం అవుతుంది. అందువల్ల తూటాలను వేరే గదిలో పెట్టి, పిస్టల్ ఖాళీగా ఉన్నదని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకొని, తయారీదారు ఇచ్చిన పుస్తకంలో చెప్పినట్లు విడదీసి, బ్యారెల్‌ను పొడి గుడ్డతో శుభ్రం చేయండి. చివరగా క్లీనింగ్ రాడ్ ఒక కొస నుంచి రెండో కొస దాకా ఎక్కడా తగలకుండా వెళ్తున్నదో లేదో చూడండి. గ్రిప్‌ను (పిడిని), సైట్లను (గురి చూడడానికి ముందు, వెనుక ఉండే ఫ్రంట్, రియర్ సైట్లను) పట్టి ఉంచే మరలు బిగువుగా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూడాలి. ఒక మర వదులై రియర్ సైట్ కదులుతున్నా తప్పంతా తన చేతిదే అనుకొని ఒక పూట సాధన పోగొట్టుకున్నవారు చాలామంది ఉన్నారు.

ఇంట్లో ట్రిగ్గర్‌ను అలవాటు చేసుకోవాలనే ఆత్రం సహజమే. అయితే పాయింట్ 22 తూటాను రగిలించే మందు దాని వెనుక అంచులో ఉంటుంది కనుక, ఫైరింగ్ పిన్ ఆ అంచు మీదనే కొడుతుంది. చాంబర్ (తూటా కూర్చునే అర) ఖాళీగా ఉండగా ట్రిగ్గర్ నొక్కితే కొన్ని నమూనాలలో ఆ దెబ్బ నేరుగా చాంబర్ అంచుకు తగిలి నొక్కు పడుతుంది. ఆ తరువాత ఖాళీ తొడుగులు బయటకు రావడానికి మొరాయిస్తాయి. పోటీలకు చేసిన పిస్టళ్లలో చాలా వాటికి డ్రై ఫైరింగ్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి సాధన చేయడం) కోసం ప్రత్యేకమైన ఏర్పాటు ఉంటుంది. మీ దానికి ఉన్నదో లేదో పుస్తకంలో చూడకుండా ట్రిగ్గర్ జోలికి పోవద్దు.

రేంజ్‌కు చేరిన తరువాత మొదటి పని, ఇది కొత్త పిస్టల్ అని రేంజ్ అధికారికి చెప్పడం. ఈ మాట చెప్పడానికి కొందరు నామోషీ పడతారు. నిజానికి అలా చెబితే ఆయన మిమ్మల్ని వీలైనంతవరకు పక్కగా ఉన్న స్థానంలో నిలబెట్టి, ఒక కన్ను వేసి ఉంచుతాడు. ఫైరింగ్ లైన్ దగ్గర గొట్టం మూతి టార్గెట్ వైపే ఉండగా పెట్టెలోంచి తీసి, మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బీ) వేరు చేసి, స్లైడ్ (ముందుకు వెనక్కి జరిగే పై భాగం) వెనక్కి లాగి చాంబర్ చూసి, అది ఖాళీ అని తెలిపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టండి. లోడ్ చేయమన్న ఆదేశం వచ్చేవరకు అది అలాగే ఉండాలి.

ఆదేశం వచ్చిన తరువాత మ్యాగజైన్‌లో ఒక్క తూటా మాత్రమే పెట్టండి. దానిని కాల్చి, స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లిందా, ఖాళీ తొడుగు శుభ్రంగా బయట పడిందా చూడండి. ఆ తొడుగును ఏరుకొని దగ్గరగా పరిశీలించండి. దాని అంచు మీద ఫైరింగ్ పిన్ కొట్టిన గుర్తు లోతుగా, స్పష్టంగా ఉండాలి. తొడుగు ఒంటి మీద ఉబ్బుగాని చీలికగాని ఉంటే పరీక్ష అంతటితో ఆపి పిస్టల్‌ను నిపుణుడికి చూపించండి. అంతా సవ్యంగా ఉంటే మరో రెండు మూడు సార్లు ఒక్కొక్క తూటాతోనే కాల్చి, తరువాత రెండు తూటాలు పెట్టండి. రెండే ఎందుకంటే, ట్రిగ్గర్ యంత్రాంగంలో లోపం ఉంటే ఒక్క నొక్కుకే రెండు తూటాలు వెంటవెంటనే పేలవచ్చు. అలాంటి లోపం నిండు మ్యాగజైన్‌తో బయటపడితే, వెనక్కి తన్నే ఊపుకు పిస్టల్ పైకి లేచి మిగిలిన తూటాలు టార్గెట్ దాటి పోతాయి. రెండు తూటాలతో అయితే నష్టం అక్కడికక్కడే ఆగుతుంది. ఇదీ దాటిన తరువాతనే ఐదు తూటాలకు వెళ్లండి.

ఇక మీరు అడిగిన లెక్క. ఒక పెట్టెలో ఉండే 50 తూటాలు మొదటి రోజుకు ధారాళంగా చాలు. మొదటి పదో పన్నెండో పిస్టల్ పనితీరు చూడడానికి, మిగిలినవి నిదానంగా ఐదేసి చొప్పున గ్రూపులు కట్టడానికి, అంటే ఎంత దగ్గరగా పడతాయో చూడడానికి, ఉపయోగించండి. ఆ రోజు స్కోరు లెక్క వేయకండి. వీలైతే టార్గెట్‌ను తిప్పి, వెనుకవైపు తెల్ల కాగితం మీద కాల్చండి. అంకెలు కనిపించకపోతే చూపు ఫ్రంట్ సైట్ మీద నిలుస్తుంది.

ప్రశ్న: కొత్త పిస్టల్‌తో 25 మీటర్ల దూరంలో కాల్చిన మొదటి ఐదు తూటాలూ మధ్యబిందువుకు ఎడమవైపున, కిందికి పడ్డాయి. నాది కుడిచేతి వాటం. వెంటనే సైట్లు మార్చమని మిత్రుడు, ముట్టుకోవద్దని కోచ్ అంటున్నారు. ఎవరి మాట వినాలి?

సమాధానం: మొదటి రోజుకు మీ కోచ్ మాటే వినండి. మిత్రుడు చెప్పినది తప్పు కాదు, కాకపోతే అది తరువాత చేయవలసిన పని.

సైట్ల లెక్క ఒకసారి అర్థమైతే ఈ తొందర తగ్గుతుంది. ఫ్రంట్ సైట్‌కూ రియర్ సైట్‌కూ మధ్య దూరం 200 మిల్లీమీటర్లు అనుకుందాం. టార్గెట్ 25 మీటర్ల దూరంలో, అంటే ఆ కొలతకు 125 రెట్ల దూరంలో ఉంటుంది. అందువల్ల రియర్ సైట్ గాడిలో ఫ్రంట్ సైట్ ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే టార్గెట్ మీద తూటా 125 మిల్లీమీటర్లు పక్కకు పడుతుంది. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య 25 మీటర్ల ప్రెసిషన్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు, ఆపైన ఒక్కొక్క వలయం 25 మిల్లీమీటర్ల వెడల్పు. అంటే ఆ ఒక్క మిల్లీమీటరు తేడాకు పది రావలసిన చోట ఆరు వస్తుంది. అర మిల్లీమీటరు తేడాకు కూడా ఎనిమిదే వస్తుంది. దీనికి భిన్నంగా, సైట్లు రెండూ సరిగా కుదిరి ఉండి, చేయి మొత్తం ఒక సెంటీమీటరు పక్కకు ఊగినా తూటా ఆ ఒక్క సెంటీమీటరే పక్కకు పోతుంది. అది ఇంకా పదిలోనే ఉంటుంది. చేయి ఊగుతున్నదని భయపడి హడావుడిగా ట్రిగ్గర్ లాగేవారు ఊపును తప్పించుకోబోయి సైట్లను చెదరగొడుతున్నారన్నమాట. కొత్త పిస్టల్‌లో ట్రిగ్గర్ ఎంత నొక్కితే తూటా పేలుతుందో వేలికి ఇంకా తెలియదు కనుక ఈ తప్పు మరీ ఎక్కువగా జరుగుతుంది.

కాబట్టి మొదట చూడవలసినది తూటాలు ఎక్కడ పడ్డాయన్నది కాదు, ఎంత దగ్గరగా పడ్డాయన్నది. ఐదు తూటాలు చెల్లాచెదురుగా ఉంటే సైట్లు ఎటు తిప్పినా ప్రయోజనం లేదు. అవన్నీ ఒకచోట గుమిగూడి, రెండో ఐదు, మూడో ఐదు కూడా అక్కడే పడితే అప్పుడు సైట్ల విషయం ఆలోచించవచ్చు. అంతకు ముందు ఇంకొక అనుమానం తీర్చుకోవాలి. కుడిచేతివారికి ఎడమవైపు కిందికి పడడం చాలాసార్లు చేతి లక్షణమే. పేలుడును ముందే ఊహించి మణికట్టును కిందికి నెట్టడమో, ట్రిగ్గర్‌తోపాటు మిగిలిన వేళ్లను కూడా బిగించడమో దానికి కారణమవుతుంది. మీ మిత్రుడిని పిలిచి, మీరు చూడకుండా మ్యాగజైన్‌లో తూటాల మధ్య ఒకటి రెండు ప్లాస్టిక్ డమ్మీ తూటాలు కలిపి నింపమనండి. డమ్మీ వచ్చినప్పుడు పేలుడు ఉండదు కనుక ఫ్రంట్ సైట్ ఏం చేసిందో మీకే కనిపిస్తుంది. అది కదలకుండా నిలిస్తే సైట్లను అనుమానించండి. ముక్కు కిందికి వంగితే సైట్లను వదిలేసి చేతిని సరిదిద్దుకోండి.

కొన్ని రేంజ్‌లలో గోడ మీద ఒక చక్రం బొమ్మ వేలాడుతుంటుంది. తూటా ఎటు పడితే ఏ తప్పు జరిగినట్లో అందులో గళ్లు గీసి రాసి ఉంటుంది. దాని మీద నాకు అంత నమ్మకం లేదు. సైట్లు ఇంకా కుదరని కొత్త పిస్టల్‌కు అది అసలే వర్తించదు.

ఇన్నీ చూసిన తరువాత సైట్లు మార్చవలసివస్తే, తూటా ఎటు జరగాలో రియర్ సైట్‌ను అటే జరపాలి. కుడివైపుకు రావాలంటే కుడికి, పైకి రావాలంటే పైకి. ఒక్క క్లిక్‌కు ఎంత మార్పు వస్తుందో పిస్టల్ పుస్తకంలో ఉంటుంది. ఉదాహరణకు 25 మీటర్ల వద్ద క్లిక్‌కు ఒక సెంటీమీటరు అని ఉండి, గ్రూపు నడిమి చోటు ఏడు సెంటీమీటర్లు ఎడమగా ఉంటే ఏడు క్లిక్‌లు ఒకేసారి కుడికి తిప్పి, మళ్లీ ఐదు కాల్చి చూడండి. ఒక్కొక్క తూటాకు ఒక్కొక్క క్లిక్ తిప్పేవారు సాయంత్రానికి మొదలుపెట్టిన చోటికే చేరుకుంటారు. ఇంతకు ముందు వాడిన పిస్టల్‌తో టార్గెట్ నల్లని భాగానికి ఎంత కింద గురి నిలిపేవారో ఇక్కడ కూడా అంతే కింద నిలుపుతున్నారా అన్నది కూడా చూసుకోండి. గురి నిలిపే చోటు, సైట్లు, గ్రిప్ మూడూ ఒకే రోజున మారిస్తే దేని ఫలితం ఏదో తేల్చడం ఎవరి తరమూ కాదు.

ప్రశ్న: కొత్తగా తీసుకున్న పాయింట్ 22 పిస్టల్‌లో ఖాళీ తొడుగు తరచుగా స్లైడ్ మధ్య ఇరుక్కొని నిలువుగా నిలబడిపోతున్నది. అమ్మినవారు తూటాలది తప్పు అంటున్నారు. పిస్టల్ తిరిగి ఇచ్చేయాలా?

సమాధానం: అమ్మినవారి మాటలో నిజం ఉండే అవకాశం బాగానే ఉన్నది. పాయింట్ 22 పిస్టల్ తూటాల విషయంలో పేచీకోరు. స్లైడ్‌ను వెనక్కి నెట్టేది తూటా పేలుడు బలమే. ఆ బలం చాలకపోతే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లకముందే తిరిగి ముందుకు వచ్చి, బయటకు పోతున్న తొడుగును మధ్యలో పట్టేస్తుంది. కొత్త పిస్టల్‌లో స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది, రాపిడి కూడా ఎక్కువ. కొత్త చెప్పులు కొన్నాళ్లు కరిచినట్లే ఇది కూడా కొన్ని వందల తూటాలు కాల్చిన తరువాత దారికి వస్తుంది. పోటీ పిస్టళ్లు సాధారణంగా సెకనుకు 320 నుంచి 330 మీటర్ల వేగం ఉండే స్టాండర్డ్ వెలాసిటీ తూటాలకు తగినట్లు తయారవుతాయి. సర్వీస్ పిస్టల్‌ను (సైన్యం, పోలీసులు వాడేదాన్ని) పోలిన నమూనాలలో కొన్ని మాత్రం హై వెలాసిటీ తూటాలైతేనే సరిగా ఆడతాయి. మీది ఏ రకమో చూసి, తయారీదారు సూచించిన తూటాలనే రెండు మూడు కంపెనీలవి తెచ్చి ఒకదాని తరువాత ఒకటి ప్రయత్నించండి. సమస్య ఒకే మ్యాగజైన్‌తో వస్తున్నదా అన్నది తెలుసుకోవడానికి మ్యాగజైన్ల మీద గుర్తులు పెట్టుకోండి.

మీ పట్టును కూడా ఒకసారి మరొకరిచేత పరీక్ష చేయించండి. మణికట్టు వదులుగా ఉంటే పిస్టల్ మొత్తం చేతితోపాటు వెనక్కి పోతుంది, స్లైడ్‌కు అందవలసిన ఊపు అందదు. అదే పిస్టల్, అవే తూటాలు మీ కోచ్ చేతిలో ఒక్కసారి కూడా ఇరుక్కోకపోతే కారణం తేలిపోయినట్లే. వీటన్నిటి తరువాత కూడా సమస్య మిగిలితే అప్పుడు తిరిగి ఇచ్చే మాట ఆలోచించండి. ఏ తూటాలు, ఏ మ్యాగజైన్, ఎన్నిసార్లు ఇరుక్కున్నది అన్న వివరాలు రాసిపెట్టుకొని వెళ్తే అమ్మినవారు దాటవేయలేరు.

ఇరుక్కున్న తొడుగును తీసే పద్ధతి కూడా చెప్పాలి. చాలామంది ఆ క్షణంలో పిస్టల్‌ను ముఖం దగ్గరకు, పక్కకు తిప్పి చూస్తారు. అది అన్నిటికంటే చెడ్డ అలవాటు. మూతి టార్గెట్ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసి, ముందు మ్యాగజైన్ వేరు చేయండి. తరువాత స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి తొడుగు రాలిపోయేలా చేసి, చాంబర్ చూడండి. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే, అది ఆలస్యంగా పేలవచ్చు కనుక కనీసం 30 సెకన్లు మూతి టార్గెట్ వైపే నిలిపి ఉంచి, ఆ తరువాత తీయండి. ఎప్పుడైనా శబ్దం ఉండవలసినదానికంటే నీరసంగా వినిపించినా, చేతికి తన్ను సరిగా తగలకపోయినా మరో తూటా కాల్చవద్దు. బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు. దాని వెనుక ఇంకొకటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, కొన్నిసార్లు పగులుతుంది. పిస్టల్ ఖాళీ చేసి, రాడ్ దూర్చి దారి తెరిచి ఉన్నదని చూసుకున్న తరువాతనే మళ్లీ మొదలుపెట్టండి.

ప్రశ్న: నాది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్. ట్రిగ్గర్‌ను నిబంధన ప్రకారం 500 గ్రాములకు సరిగ్గా సరిచేసుకోవచ్చునా? ఇంకేమి చూసుకోవాలి?

సమాధానం: 500 గ్రాములు అన్నది తగ్గకూడని హద్దు. పరీక్షలో బ్యారెల్‌ను నిలువుగా నిలిపి, ట్రిగ్గర్‌కు 500 గ్రాముల బరువు తగిలించి పైకి ఎత్తుతారు. ట్రిగ్గర్ పడకుండా ఆ బరువు లేవాలి. సరిగ్గా హద్దు మీద పెట్టుకున్న ట్రిగ్గర్ పోటీ రోజున అటో ఇటో అయితే పరీక్షలో తప్పవచ్చు. అప్పటి ఆందోళన స్కోరుకు మంచిది కాదు. అందువల్ల కొంచెం ఎక్కువగా, 510 లేదా 520 గ్రాముల దగ్గర ఉంచుకోండి. పిస్టల్ మొత్తం బరువు 1,500 గ్రాములు దాటకూడదన్న నిబంధన కూడా ఉన్నది కనుక అదనపు బరువులు తగిలించుకునేవారు త్రాసు మీద పెట్టి చూసుకోవాలి.

ఎయిర్ సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడండి. వాడకం గడువు సాధారణంగా పదేళ్లు. గాలి నింపేటప్పుడు దాని మీద రాసిన ఒత్తిడిని మించవద్దు, చాలా వాటికి అది 200 బార్. పెల్లెట్లు అన్నీ 4.5 మిల్లీమీటర్లవే అయినా తలభాగం కొలత మిల్లీమీటరులో వందో వంతు తేడాలతో దొరుకుతాయి. ఏ కొలత మీ బ్యారెల్‌కు నప్పుతుందో, పిస్టల్‌ను స్టాండుకు బిగించి గ్రూపులు కాల్చి తెలుసుకోవడం మంచి పద్ధతి. అయితే పది పాయింట్ల వలయం వ్యాసమే 11.5 మిల్లీమీటర్లు ఉన్న ఆటలో కొత్తవారికి పెల్లెట్ తేడా కంటే గ్రిప్ తేడా ఎన్నో రెట్లు ముఖ్యమని నా అభిప్రాయం. కళ్లు మూసుకొని చేయి ఎత్తి, కళ్లు తెరిచినప్పుడు ఫ్రంట్ సైట్ గాడి మధ్యలో ఉండాలి. ప్రతిసారీ ఒకే పక్కకు ఉంటే మణికట్టును వంచి సర్దుకోవద్దు. గ్రిప్ కోణాన్ని మార్చండి, లేదా ఒత్తుతున్న చోట చెక్కను గరుకు కాగితంతో కొద్దికొద్దిగా అరగదీయండి.

ప్రశ్న: 2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ మామూలు కళ్లద్దాలతోనే రజతం గెలిచాడు కదా. రేంజ్‌లో చెవులకు, కళ్లకు రక్షణ అంత అవసరమా?

సమాధానం: ఆయన గెలిచినది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ టీమ్‌లో. అందులో మందు లేదు, పేలుడు లేదు. అయినా ఆయన చెవులకు ప్లగ్‌లు పెట్టుకున్నాడు, ఫొటోలలో అవి చిన్నవిగా ఉండి చాలామందికి కనిపించలేదు. ఆయన వాడనివి ఒక కంటిని మూసే బ్లైండర్లు, ప్రత్యేకమైన కటకాలు. అవి గురికి సాయం చేసేవే తప్ప రక్షణ పరికరాలు కావు.

మందు తూటాలు కాల్చే పిస్టల్ సంగతి వేరు. 140 డెసిబెళ్లు దాటిన శబ్దం ఒక్కసారికే వినికిడిని దెబ్బతీయగలదు, పిస్టల్ శబ్దం ఆ స్థాయిని సులభంగా చేరుతుంది. నాలుగు గోడల మధ్య ఉన్న రేంజ్‌లో చెవుల లోపల ప్లగ్‌లు, పైన చెవులను కప్పే మఫ్‌లు రెండూ వాడండి. కళ్లద్దాలు పక్కవారి పిస్టల్ నుంచి ఎగిరివచ్చే తొడుగుల కోసం కూడా. మెడ దగ్గర మూసి ఉండే చొక్కా, ముందుకు అంచు ఉన్న టోపీ వేసుకోండి. కాలుతున్న తొడుగు మెడలోంచి చొక్కాలోకి జారినప్పుడు మనిషి అసంకల్పితంగా పక్కకు తిరుగుతాడు, చేతిలోని పిస్టల్ కూడా అతనితోపాటే తిరుగుతుంది. తూటాలలో, వాటిని రగిలించే మందులో సీసం ఉంటుంది కనుక రేంజ్‌లో ఏమీ తినకండి. ముగిసిన తరువాత చేతులు, ముఖం చల్లని నీళ్లతో, సబ్బుతో కడుక్కోండి. ఆ బట్టలతో పసిపిల్లలను ఎత్తుకోవద్దు.

ప్రశ్న: నా కొత్త పిస్టల్‌ను రేంజ్‌లో మిత్రులు కూడా ఒకసారి కాల్చి చూస్తామంటున్నారు. ఇవ్వవచ్చునా?

సమాధానం: ముందుగా మీ దేశ చట్టం, లైసెన్సు షరతులు, ఆ రేంజ్ నియమాలు దానిని అనుమతిస్తాయో లేదో రేంజ్ అధికారిని అడగండి. ఆయన వద్దంటే అక్కడితో ఆ మాట ముగిసినట్లే. అనుమతి ఉన్నా, పిస్టల్ తీరు మీకే పూర్తిగా తెలియని మొదటి రోజున ఇవ్వకపోవడం మేలు. తరువాత ఇచ్చేటప్పుడు చేతికి చేయి అందించవద్దు. మ్యాగజైన్ తీసి, స్లైడ్ తెరిచి, మూతి టార్గెట్ వైపు ఉండేలా బల్ల మీద పెట్టి మీరు వెనక్కి జరగండి. వారు వచ్చి తీసుకుంటారు. రెండు చేతులతో పట్టుకునేవారైతే ఎడమచేతి బొటనవేలు స్లైడ్ వెనుకకు రాకుండా చూడండి, వెనక్కి దూసుకువచ్చే స్లైడ్ ఆ వేలిని చీరేస్తుంది. వారికి కూడా మొదట ఒక్క తూటాయే ఇవ్వండి.